ఊరికే కూర్చోవడానికి వెళ్ళిన దర్జీ

వీపు సంచికి అడుగున రెండు పట్టీలు ఖాళీగా వేలాడకపోయి ఉంటే వైసన్ కాపురం మీదకు అంత ముప్పు వచ్చేది కాదు.

అసలు ఆ సంచి అతనిది కాదు. కొండమీది డెడ్జా పట్నంలో, బస్సుల అడ్డా పక్కన, రేకుల చూరు కింద, కాలితో తొక్కే కుట్టు మిషన్ పెట్టుకుని కూర్చునే వైసన్ దగ్గరికి తెల్లవాళ్ళు చిరిగిన సంచులు పట్టుకొచ్చేవారు. ఏ దేశపు సంచి అయినా చిరిగేది ఒక్కచోటే, భుజం పట్టీ మొదట్లో. రెండేళ్ళ క్రితం ఒక ఎర్రగడ్డం ఆసామి సాయంత్రం వచ్చి తీసుకుంటానని సంచి ఇచ్చి, సాయంత్రానికి ఇంకో బస్సెక్కి ఇంకో దేశం చక్కాపోయాడు. వైసన్ నిజాయితీగా ఏడాదిపాటు ఎదురుచూశాడు. రెండో ఏడాది జిప్పు మార్చి, దుమ్ము దులిపి, సంచిని తన సంసారంలో కలుపుకున్నాడు.

ఆ తెల్లవాళ్ళంతా వెళ్ళేది కొండల కింద ఉన్న సరస్సు ఒడ్డుకే, కేప్ మెక్లియర్‌లో ప్రయాణికులు దిగే హాస్టల్‌కే. అక్కడేం చేస్తారని అడిగితే అందరిదీ ఒకటే మాట, ఏమీ చెయ్యం, ఊరికే కూర్చుంటాం అని. సముద్రాలు దాటి, అంత డబ్బు పోసి, గాడిద బరువు వీపున మోసుకుంటూ ఊరికే కూర్చోవడానికి వచ్చేవాళ్ళను చూసి వైసన్ మొదట జాలిపడ్డాడు. తర్వాత అనుమానపడ్డాడు. ఆ తర్వాత కడుపుమంట పట్టుకుంది. బస్సెక్కితే అరపూట దారి ఆ సరస్సు. ముప్పై ఆరేళ్ళ బతుకులో తను దాన్ని చూసింది రెండుసార్లు, రెండుసార్లూ చావులకు వెళ్ళినప్పుడే. శవం పక్కన నిలబడి చూస్తే ఏ నీళ్ళయినా ఒకలాగే ఉంటాయి.

"ఎప్పుడో ఒకనాడు నేనూ ఈ సంచి తగిలించుకుని పోతా, ఊరికే కూర్చుని వస్తా" అని ఏడాదిగా పెళ్ళాం జియోనేతో అంటూనే ఉన్నాడు. ఆమె "ముందు ఆ పొయ్యిలో కట్టె ఎగదొయ్" అంటూనే ఉంది.

జూలై వచ్చింది, అక్కడ అది చలికాలం. మొక్కజొన్న ఇంటికి చేరింది. కొండమీద చలి ముదిరింది, చలిలో ఎవరూ కొత్త బట్టలు కుట్టించుకోరు. ఒక మంగళవారం పొద్దున జియోనే పిండిమరకు బయల్దేరుతుంటే వైసన్ గుమ్మం దగ్గర నిలబడి, "ఇవాళే పోతున్నా. మూడు రోజుల్లో వచ్చేస్తా" అన్నాడు. ఆమె తలమీద బస్తా సర్దుకుంటూ "పోయిరా" అంది, రోజూ చెప్పే కబురే కదా అన్నట్టు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. దాన్ని కూడా ఆమెకే వదిలేశాడు, అంత మంచివాడు.

రెండు చొక్కాలు, ఒక దుప్పటి, ఉడికించిన బంగాళాదుంపలు సర్దాక సంచి అడుగున ఆ రెండు పట్టీలూ కనబడ్డాయి. తెల్లవాళ్ళు అక్కడ నురుగు పరుపు చుట్టి కడతారు. కాజా కుట్టి గుండీ కుట్టకపోతే దర్జీ కంటికి కునుకు పడుతుందా. మూలన నిలబెట్టిన తన రెల్లుచాపను చుట్టి బిగించాడు. కొలత అతికినట్టు సరిపోయింది. పైగా హాస్టల్లో మంచానికి చాలా ఖరీదనీ, సొంత పరుపు ఉంటే పచ్చిక మీద నాలుగోవంతుకే పడుకోనిస్తారనీ ఒక తెల్లపిల్ల చెప్పి ఉంది. తన పనితనానికి తనే మురిసిపోతూ ఊరి నడిమధ్య నుంచి నడిచాడు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు మాటలాపి చూశారు. సంచిని చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాడు.

అడ్డాలో గోధుమపిండి బోండాలు అమ్మే ఆవిడ, అరువంటే నోరు చేసుకునే మనిషి, పిలిచి మరీ రెండు బోండాలు చేతిలో పెట్టింది. "తిను నాయనా. దూరం పోవాల" అంది. ప్రయాణం మొదలుపెట్టగానే లోకం ఎంత మారిపోయిందో అనుకుంటూ వైసన్ రెండూ తినేశాడు.

సరస్సు ఒడ్డునున్న మంకీ బే వెళ్ళే బస్సు పదిహేనుమందికని తయారైంది. ఇరవైమంది ఎక్కితే గాని అది కదలదు. వైసన్‌కు మధ్య వరసలో చోటు దొరికింది. సంచి ఒళ్ళో, సంచి కింద చాప, చాప కొన ఒకటి పక్కనున్న ముసలావిడ పక్కటెముకల్లో. ఆవిడ పేరు ఎనెలేసి. ఒళ్ళో కోడిపెట్టను పెట్టుకుని, తలకు ఉన్ని టోపీ లాక్కుని, బస్సంతా తన నట్టిల్లే అన్నట్టు కూర్చుని ఉంది. చాపను చూసింది. వైసన్ను చూసింది. మళ్ళీ చాపను చూసింది.

"ఏ ఊరి అల్లుడివి నాయనా?"

"చిలింద అవ్వా."

"ఎన్నేళ్ళ కాపురం?"

"పన్నెండు."

"పిల్లలు?"

"ఇద్దరాడపిల్లలు."

"అయ్యో. ఏం పాడుకాలం వచ్చింది" అంది అవ్వ. ముందు సీట్లోనూ వెనక సీట్లోనూ నాలుకలు చప్పరించారు.

"ఎందుకవ్వా, ఏమైంది?"

"చాప వెంటేసుకుని పోతా ఏమైందని నన్నడుగుతావేంటి? ఏమైందో నువ్వు చెప్పాలి."

అప్పుడు తట్టింది వైసన్‌కు. అతనిది ఇల్లరికం. ఆ చుట్టుపక్కల ప్రతి మగవాడిదీ ఇల్లరికమే. ఇల్లు పెళ్ళానిది, పొలం పెళ్ళానిది, పిల్లలు పెళ్ళాం తరఫువాళ్ళు. పెళ్ళినాడు మగవాడు చంకన పెట్టుకొచ్చేది తన చేత్తో అల్లుకున్న చాప, పెటాకులైన నాడు పట్టుకుపోయేదీ అదే. చిలిందలో నడవడం వచ్చిన ప్రతి పిల్లకూ ఆ సంగతి తెలుసు. తనకూ తెలుసు. కాని ఖాళీ పట్టీలు కనబడ్డ క్షణాన అతను అల్లుడు కాదు, దర్జీ.

"అది కాదవ్వా. మేం బాగానే ఉన్నాం. నేను ఊరికే పోతున్నా. సరస్సు దగ్గర కూర్చోడానికి."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"చేపల బేరమా?"

"కాదు."

"మరి ఆడమనిషా?" అని వెనక సీట్లోంచి ఒక గొంతు వచ్చింది. అది లైటన్‌ది. కేప్ మెక్లియర్ నుంచి ఎండుచేపలు తెచ్చి కొండమీద అమ్ముకుని ఖాళీ బుట్టలతో తిరిగిపోతున్నాడు. చేపలు పోయినా వాసన అతని దగ్గరే ఉండిపోయింది. బస్సంతా నవ్వింది.

"తెల్లవాళ్ళు పోవట్లేదా? కూర్చోడానికే పోతారు వాళ్ళు. అలాగే నేనూ" అన్నాడు వైసన్.

అవ్వ కోడి మెడ నిమిరింది. "వాళ్ళకి ఊళ్ళో ఇల్లూ వాకిలీ ఉంటే ఇంతదూరం ఎందుకొస్తారు? వాళ్ళనీ పెళ్ళాలు తరిమేసుంటారు. సంచీ చాపా వీపున కట్టుకుని దేశాలు పట్టి తిరుగుతున్నారు, పాపం."

"ఆడపిల్లలు కూడా వస్తారవ్వా."

"అయితే అది మరీ పాడుదేశం" అని తేల్చేసింది.

ఇంతలో కండక్టరు బిస్విక్ టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. సంచిని చూశాడు. "అన్నా, నీ సంచి ఒక మనిషంత ఉంది. నువ్వు షికారుకి పోయేవాడివైతే రెండు సీట్ల చార్జీ. పెళ్ళాం తరిమేసినోడివైతే సామానుకి తీసుకోను, ఆ పాపం నాకొద్దు. ఏదో ఒకటి తేల్చు, వెనక జనం ఉన్నారు."

రెండు సీట్ల చార్జీ అంటే హాస్టల్లో ఒక రోజు పోయినట్టే. వైసన్ కిటికీ బయటకు చూశాడు. "తరిమేసింది" అన్నాడు.

ఆ ఒక్కమాటతో బస్సులో అతని దశ తిరిగింది. ఒకావిడ ఉడికించిన గుడ్డు వలిచి ఇచ్చింది. ఎవరో దోసెడు వేరుసెనగలు ఒళ్ళో పోశారు. మసాసా దగ్గర బస్సాగితే లైటన్ కిటికీలోంచి పుల్లకు గుచ్చి కాల్చిన పొలం ఎలుకలు కొని, బొద్దుగా ఉన్నదాన్ని వైసన్‌కే ఇచ్చాడు. బుద్ధిగా ఉన్న అల్లుడికి పన్నెండేళ్ళలో దక్కని మర్యాద, తరిమేసిన అల్లుడికి గంటలో దక్కింది. వైసన్ ఎలుకను తోకతో సహా నమిలాడు.

మర్యాద ఊరికే రాదు. గుడ్డిచ్చినావిడ అడగనే అడిగింది. "ఇంతకీ ఏం చేసిందయ్యా ఆ మహాతల్లి?"

"కూరలో ఉప్పెక్కువ వేస్తది."

"ఉప్పుకే చాప చుట్టేస్తారా? మా ఇంట్లో అయితే నాలుగు చాపలు అయ్యేవి."

"గురక కూడా పెడతది."

"నువ్వు పెట్టవేంటి?"

అబద్ధాల్లో అతనికి పెద్ద అనుభవం లేదు. రెండింటికే సరుకు అయిపోయింది. బస్సు అతనికేసే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని నోరు తెరిచాడు, నోట్లోంచి తను అనుకోనిది వచ్చింది.

"నాకు కూర్చోడానికి చోటు లేదు" అన్నాడు. "ఆ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా అది ఎవరిదో ఒకరిది. గడపమీద కూర్చుంటే అత్తగారొస్తది. చెట్టుకింద కూర్చుంటే మేనమామగారొస్తాడు. లెమ్మని ఎవరూ అనరు. ఒక్కమాట అనరు. వచ్చి పక్కన నిలబడతారు, అంతే. నేనే లేస్తా. పన్నెండేళ్ళుగా లేస్తానే ఉన్నా. మిషన్ ముందు స్టూలు ఒక్కటే నాది, అది కూడా అడ్డాలో."

ఎవరూ నవ్వలేదు. బస్సులో సగంమంది ఇల్లరికపు అల్లుళ్ళు, వాళ్ళు తమ చెప్పులకేసి చూసుకున్నారు. ఇంత బాధ లోపల ఉందని అతనికే తెలియదు, ఉప్పు గురించి మాట్లాడుతుంటే బయటపడింది.

అవ్వ కోడిని కొంచెం పక్కకు జరిపింది. కోడి కింద ఫోను ఉంది. ఫోను వెలుగుతోంది.

"విన్నావా జైలోసీ?" అంది అవ్వ దానితో.

"విన్నానక్కా" అంది ఫోను, బస్సంతా వినబడేంత గట్టిగా. "ఇక్కడ అందరం విన్నాం. జియోనే కూడా విన్నది, ఉప్పు దగ్గర్నుంచి."

జైలోసి అంటే జియోనే మేనమామ. ఆ పెళ్ళికి పెద్ద. పన్నెండేళ్ళ క్రితం వైసన్ తరఫువాళ్ళ దగ్గర కోడిపుంజును పుచ్చుకుని, కోడిపెట్టనిచ్చి, ఇద్దరినీ ఒక చాపమీద కూర్చోబెట్టింది ఆయనే. వైసన్ కాలికింద బస్సు ఉన్నట్టు లేదు.

"ఇదేంటవ్వా?"

"జైలోసి నాకు తమ్ముడి వరస. నువ్వు చిలింద అనగానే నొక్కా. నోరు మూసుకుని కూర్చుంటే న్యాయం ఎలా జరుగుద్ది?"

వైసన్ ఫోను మీదకు వంగాడు. కోడి కూడా వంగింది. "మామా, తరిమేసిందన్నది అబద్ధం. సామాను చార్జీ కోసం అన్నా. నేను ఊరికే కూర్చోడానికి పోతున్నా."

"మరి కూర్చోడానికి చోటు లేదన్నదో? అదీ చార్జీ కోసమేనా?"

ఔనంటే పోయేది. ఆ రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. "అది నిజమే మామా" అన్నాడు.

"అయితే విను అల్లుడూ. చాప పట్టుకుని ఊరు దాటావు. పెద్దమనిషినైన నాకు చెప్పలేదు. తెల్లారేలోగా ఎక్కడ నడుం వాల్చినా ఇల్లు వదిలేసినట్టే. కూర్చుంటే దారినపోయేవాడివి, పడుకుంటే పోయినవాడివి. నువ్వు పడుకున్నావని తెలిసిందా, మీ కోడిపుంజును తెచ్చి నీ చేతిలో పెట్టేస్తా, పెళ్ళి అక్కడితో సరి. మిషన్ నీది. పిల్లలు మావాళ్ళు. ఇంక మాటల్లేవు."

"జియోనేకి ఇవ్వు మామా, ఒక్కమాట."

"మాట్లాడనంటోంది" అన్నాడు జైలోసి. ఇంకేదో అనబోయాడు గాని అవ్వ ఫోన్లో డబ్బులు అయిపోయాయి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అందులోనూ ఫోన్లో జారితే ఊరంతా ఏరుకుంటుంది. బస్సు ఘాట్‌రోడ్డు దిగుతోంది. కిందకు దిగేకొద్దీ వేడెక్కి జనం టోపీలు, స్వెట్టర్లు ఒక్కొక్కటే తీసేస్తున్నారు. వైసన్ మాత్రం సంచిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. పెద్దకూతురికి పదేళ్ళు, చిన్నదానికి ఆరు. స్కూలు యూనిఫారాలకు జేబులు తనే కుడతాడు, ఎవరికీ లేని లోపలి జేబు ఒకటి అదనంగా. ఆ జేబుల్లో ఇక ఏం పెట్టుకుంటారో తనకు తెలియకుండా పోతుందన్న ఆలోచన వచ్చాక మిగిలిన వేరుసెనగలు కోడికి పోసేశాడు.

"దిగి వెనక్కి పోతా" అన్నాడు.

"వెనక్కి పోయే బస్సు రేపు పొద్దునే అన్నా" అన్నాడు బిస్విక్.

అప్పుడు బస్సంతా కలిసి తీర్పు చెప్పింది. రాత్రంతా కూర్చోవాలి, దానికి ఒక సాక్షి ఉండాలి. సాక్షి లేకపోతే పడుకోలేదని ఎవరు నమ్ముతారు. లైటన్‌ది ఆ ఊరే కాబట్టి పని అతనికి పడింది. అవ్వ నంబరు చెబితే బిస్విక్ తన ఫోన్లోంచి ఆ తీర్పును జైలోసికి మెసేజ్ పెట్టాడు. "రెప్ప వాల్చను" అన్నాడు లైటన్, కాల్చిన ఎలుక మీద ఒట్టేసి. మంకీ బేలో దిగేటప్పుడు అవ్వ వైసన్ చెయ్యి పట్టుకుని, "నీ మంచికే చేశా నాయనా" అంది. ఆవిడ కోడి కూడా అంతే నమ్మకంగా చూసింది.

అక్కడి నుంచి చివరి పది మైళ్ళూ పికప్ బండి. వెనక తొట్లో ముప్పైమంది, సిమెంటు బస్తాలు, ఇద్దరు తెల్లపిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి వైసన్ చాపను తడిమి, ఎంత బాగుందో, ఎవరు అల్లారో అని అడిగింది. ఆ రోజు చాపను చూసి మొహం మాడ్చుకోని మనిషి ఆమె ఒక్కతే, ఆమెకు ఏమీ తెలియదు కాబట్టి. "నేనే" అన్నాడు వైసన్. ఏడుపొచ్చినంత పనైంది.

హాస్టల్ గేటు లోపల బల్ల దగ్గర మెమరీ అనే అమ్మాయి రిజిస్టర్ పెట్టుకుని కూర్చుంది. వైసన్ మెడలో ఇంకా కొలతల టేపు ఉంది, పొద్దున తియ్యడం మర్చిపోయాడు. ఆమె టేపును చూసి, "వచ్చారా? కర్టెన్లు వెనక గదిలో ఉన్నాయి. మొత్తం పద్నాలుగు" అంది.

"నేను గెస్టుని."

"ఎవరి గెస్టు?"

"ఎవరి గెస్టునీ కాదమ్మా. డబ్బులిచ్చి ఉంటా. పచ్చిక మీద."

మెమరీ లైటన్‌కేసి చూసింది. "మరి ఈయన?"

"ఈయన నా సాక్షి."

ఆమె ఇంకేమీ అడగకుండా రాసుకుంది. వచ్చిన పని అన్న గడిలో ఏం రాయాలంటే, వైసన్ "కూర్చోవడం" అన్నాడు. ఆమె అదే రాసింది. అక్కడ పైనున్న గడులన్నింటిలోనూ దాదాపు అదే ఉంది.

నీళ్ళకు ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. వైసన్ సంచి దించి అందులో కూర్చున్నాడు. ఏడాదిగా కలలుగన్న కుర్చీ. సరస్సు చాలా పెద్దదిగా, తన పని తాను చూసుకుంటూ ఉంది. ఒడ్డున ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు, మగవాళ్ళు పడవలో వలలు సర్దుతున్నారు, తెల్లవాళ్ళు చెట్లకు కట్టిన ఉయ్యాల గుడ్డల్లో గబ్బిలాల్లా వేలాడుతున్నారు. ఒక తెల్లాయన చేతిలో సీసాతో వచ్చి పక్కన నిలబడ్డాడు. వైసన్ లేచి నిలబడ్డాడు. తెల్లాయన కంగారుపడి వద్దొద్దన్నాడు. ఇంకొకావిడ వచ్చింది, వైసన్ మళ్ళీ లేచాడు. వాళ్ళకు కుర్చీ అక్కర్లేదు, సూర్యాస్తమయం చాలు. మోకాళ్ళు వినడం లేదు, అది వాటి తప్పు కాదు, పన్నెండేళ్ళ అలవాటు.

చీకటి పడ్డాక అందరూ పడుకున్నారు. అందరికంటే ముందు పడుకున్నది లైటన్. దుప్పటి చుట్టుకుని, కుర్చీకి మూడు బారల దూరంలో ఇసుకలో కూలబడి, "నిన్నే చూస్తున్నా" అని అదే ఊపిరిలో గురకలోకి దిగాడు. ఇక చూసేవాడు లేడు. వైసన్ పడుకున్నా, ఇసుకలో పొర్లాడినా అడిగేవాడు లేడు. నడుం లాగేస్తోంది, పిరుదులు కొయ్యబారిపోయాయి. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ముందే తెలిస్తే తెల్లవాళ్ళ దగ్గర కుట్టుకూలి తగ్గించి తీసుకునేవాడు. ఒకసారి చాపకేసి చూశాడు. జైలోసికి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు, సాక్షికి ఏ సంగతీ తెలియదు. కాని జియోనే అడిగితే తను అబద్ధం చెప్పలేడు, ఆమె దగ్గర ఎప్పుడూ చెప్పింది లేదు, ఇవాళ చెప్పినవీ ఆమె వినడం లేదనుకుని చెప్పినవే. ఆమె కావాలి తనకు. ఆ ఇంట్లో చోటు లేకపోయినా, ఆ ఇల్లే కావాలి. ఇంత చిన్న సంగతి తేల్చుకోవడానికి అంత పెద్ద సరస్సు అవసరమైంది. కూర్చునే ఉన్నాడు.

తెల్లవారి ఎండ నీళ్ళమీద పరుచుకున్నాక మొదటి పికప్ గేటు ముందు ఆగింది. అందులోంచి ముందు కోడిపుంజు దిగింది, దాని వెనక దాన్ని పట్టుకున్న జైలోసి. ఆయన వెనక జియోనే. అర్ధరాత్రి బంగాళాదుంపల లారీ ఎక్కి వచ్చినట్టున్నారు, ఇద్దరి ఒంటిమీదా మట్టి.

జైలోసి లైటన్ను కాలితో కదిపాడు. "సాక్షివి నువ్వేనా? పడుకున్నాడా?"

లైటన్ లేచి కూర్చున్నాడు. చెంపమీద ఇసుక, ఇసుకమీద చొంగ. "రెప్ప వాల్చలేదు" అన్నాడు.

"ఎవరు? నువ్వా, అతనా?"

"ఇద్దరం" అన్నాడు లైటన్.

జైలోసి కోడిపుంజును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు. "ఈ సాక్ష్యం చెల్లదు. ఇల్లు వదిలినట్టే లెక్క. అల్లుడూ, చెయ్యి చాపు."

వైసన్ చెయ్యి చాపలేదు. జియోనేకేసి చూశాడు. ఆమె వచ్చి కుర్చీ ముందు వంగి, గడ్డం పట్టుకుని అతని మొహం ఎండకేసి తిప్పింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఈయన పడుకోలేదు మామా."

"నీకెలా తెలుసు?"

"పడుకుని లేచిన మొహం పన్నెండేళ్ళుగా చూస్తున్నా. ఇది అది కాదు."

జైలోసి పుంజును మళ్ళీ పాత చంకలోకి మార్చాడు. పెద్దమనిషి ఎంత పెద్దవాడైనా వైసన్ నిద్రమొహం ఆయనెప్పుడూ చూడలేదు. వైసన్ హమ్మయ్య అనుకోబోయాడు, కాని జియోనే గడ్డం వదల్లేదు.

"ఉప్పెక్కువా?"

"కాదు."

"గురక?"

"అది కొంచెం" అన్నాడు వైసన్. అబద్ధం చెప్పలేడు కదా.

"కూర్చోడానికి చోటు లేదన్నావు. బస్సులో ఉన్నోళ్ళకి చెప్పావు, నాకు చెప్పలేదు."

"నీకెలా చెప్పను? అది నీ ఇల్లు."

"నా ఇల్లే" అంది జియోనే. "నా ఇంట్లో నేను కూర్చోగా నువ్వెప్పుడైనా చూశావా?"

వైసన్ గుర్తు చేసుకున్నాడు. రోటి ముందు నిలబడ్డ జియోనే కనబడింది. పొయ్యి ముందు వంగిన జియోనే, చేట చెరుగుతున్న జియోనే, తలమీద బస్తాతో గుమ్మం దాటుతున్న జియోనే. పెళ్ళినాడు చాపమీద కూర్చున్న జియోనే ఒక్కతే కనబడింది, ఆ తర్వాత ఎంత వెతికినా ఇంకొకటి దొరకలేదు. తన చోటు కోసం పన్నెండేళ్ళు కుమిలాడు, ఆమె చోటు ఎక్కడని ఒక్కసారి కూడా చూడలేదు.

"లేదు" అన్నాడు.

జియోనే గడ్డం వదిలేసింది. సంచి దగ్గరకు వెళ్ళి పట్టీలు లాగింది. దర్జీ ముడి, మొండిది, పళ్ళతో పీకి విప్పింది. చాపను నీళ్ళకు ఎదురుగా ఇసుకలో పరిచి, రెండు చేతులతో సాఫు చేసింది.

"అమ్మాయ్, నువ్వేం చేస్తున్నావో తెలుసా?" అన్నాడు జైలోసి. "అది మగాడి చాప. నువ్వు పరిస్తే దాని అర్థం ఏంటి?"

"ఏంటి మామా?"

జైలోసి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పదిహేడు పెళ్ళిళ్ళు చేశాడు, ఆరు విడగొట్టాడు. మొగుడు పట్టుకుపోయిన చాపను పెళ్ళాం వచ్చి పరిచిన వ్యవహారం మాత్రం ఎన్నడూ ఆయన ముందుకు రాలేదు.

"తెలిసినోళ్ళని కనుక్కోండి. తొందరేం లేదు" అంది జియోనే. "ఆ కోడిని ఇక్కడి వంటింట్లో ఇచ్చి రండి. దారిలో ఏమీ తినలేదు మనం."

ఆమె చెప్పులు విడిచి చాపమీద కూర్చుంది. మొదట రెల్లుపోగు ఒకటి లేచి కనబడితే చేతులు వాటంతటవే దాన్ని సరిచేశాయి. ఇంకోటి వెతికాయి, దొరకలేదు. ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పడి ఉన్నాయి. వైసన్ కుర్చీలోంచి జారి పక్కన కూర్చున్నాడు.

"ఇక్కడేం చేస్తారు?" అని అడిగింది.

"ఏమీ చెయ్యరు."

"అంతేనా?"

"అంతే."

జియోనే నీళ్ళకేసి చూసింది. జైలోసి కోడిని మెమరీ చేతిలో పెట్టి తిరిగొచ్చాడు. ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలియలేదు, అందుకని తెలిసిన చోటే వచ్చి నిలబడ్డాడు, వైసన్ పక్కన, నడుం మీద చేతులు పెట్టుకుని. ఒక్కమాట అనలేదు. వైసన్ మోకాళ్ళు వాటంతటవే కదిలాయి, అరచెయ్యి చాపమీద ఆనింది, పిరుదులు నేల విడవబోయాయి.

జియోనే నీళ్ళమీంచి చూపు తిప్పకుండానే అతని మోకాలిమీద చెయ్యి వేసి కిందకు నొక్కింది. వైసన్ లేవలేదు.